బాగున్నప్పుడూ మూడు నెలలకోసారి ఓపీకి వెళ్తున్నారా? (అల్సరేటివ్ కొలైటిస్ - పెద్దపేగు లోపల వాచి పుండ్లు పడే దీర్ఘకాలిక జబ్బు)

ఖమ్మం పిల్ల: జబ్బు బయటపడి నాలుగేళ్లు. ఏడాదిగా రక్తం పడట్లేదు. అయినా మూడు నెలలకోసారి హైదరాబాద్ రమ్మంటున్నారు. తెల్లవారుజామున బస్సెక్కితే ఒంటిగంటకు పిలుస్తారు, డాక్టర్ గారితో మాట్లాడేది నాలుగు నిమిషాలు. దారిలో బాత్రూమ్ దొరుకుతుందో లేదోనని టెన్షన్. బాక్సులో పెరుగన్నం తప్ప ఏమీ తినను. రక్తపరీక్షలు ఇక్కడే చేయించి ఫోన్లో చూపిస్తే సరిపోదా?

వరంగల్ శీను: పెరుగన్నమా! నేను పెరుగు ముట్టుకుంటే ఆ రోజంతా పరుగులే. మానేయండి.

గుంటూరు అమ్మ: శీను గారూ, అలా భయపెట్టకండి. మా అబ్బాయికి క్రోన్స్, అదీ ఇలాంటి పేగు వాపు జబ్బే. ఎవరో చెప్పారని పెరుగు మాన్పిస్తే ఆరు కిలోలు తగ్గాడు. వాడికి ముందు పేగు టీబీ అన్నారు, ఆరు నెలలు ఆ మందులే మింగాడు. ఎన్నిసార్లు ఓపీ బల్లల మీద కూర్చున్నామో! మళ్లీ కొలొనోస్కోపీ (గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష) చేస్తే గానీ క్రోన్స్ అని తేలలేదు.

ల్యాబ్ బాబాయ్: పదహారేళ్లుగా ల్యాబ్‌లో ఉన్నాను. పాలు పడనివాళ్లలో చాలామందికి పెరుగు పడుతుంది. తోడులోని బ్యాక్టీరియా పాలలోని చక్కెరని (లాక్టోజ్‌ని) కొంత తినేస్తుంది. అది వదిలేయండి. ఖమ్మం అమ్మాయీ, అజాథయోప్రిన్ (రోగనిరోధక శక్తిని తగ్గించే బిళ్ల) వాడుతున్నావా? వాడితే సీబీసీ (రక్తకణాల లెక్క), లివర్ పరీక్ష మానొద్దు. తెల్లకణాలు చడీచప్పుడు లేకుండా పడిపోతాయి.

వరంగల్ శీను: తోడు పాఠాలు నాకెందుకండీ? మీకుందా కొలైటిస్?

ల్యాబ్ బాబాయ్: నాకు లేదు. మా చెల్లెలికి ఉంది. బాగానే ఉన్నా కదా అని మెసలమైన్ (కొలైటిస్‌కి రోజూ వాడే మందు) మానేసింది, ఓపీకీ వెళ్లలేదు. హీమోగ్లోబిన్ 6.8కి పడిపోయింది, రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ఆ రిపోర్టు ప్రింటు తీసింది నేనే. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

వరంగల్ శీను: సరే బాబాయ్, తెలియక అన్నాను. కానీ పెరుగు నాకు పడదు, అంతే.

మల్కాజిగిరి: ఖర్చు సంగతి ఎవరూ ఎత్తరేం? నాకు 8 వారాలకోసారి ఇన్‌ఫ్లిక్సిమాబ్ (పేగు వాపు తగ్గించడానికి నరానికి ఎక్కించే మందు). నా పాలసీలో ఓపీ బిల్లులకు పైసా రాదు. ఫీజు, పరీక్షలు, ఆటో అన్నీ జేబులోంచే.

గుంటూరు అమ్మ: ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్ వేసుకోకండి. మా వాడికి రెండు బిళ్లలకే తిరగబెట్టింది.

ఖమ్మం పిల్ల: అజాథయోప్రిన్ 50 వాడుతున్నా బాబాయ్. నిన్న ఫోన్ చేసి అడిగాను. సీబీసీ మూడు నెలలకోసారి ఇక్కడే చేయించి వాట్సాప్‌లో పెట్టమన్నారు, ఆరు నెలలకోసారి వస్తే చాలన్నారు. మలపరీక్షలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగులో వాపు ఉంటే పెరిగే ప్రొటీన్) 250 దాటినా, రక్తం కనబడినా ఆగకుండా రమ్మన్నారు.

మల్కాజిగిరి: ఖమ్మంలో కాల్‌ప్రొటెక్టిన్ చేస్తారా, శాంపిల్ హైదరాబాద్ పంపుతారా? ఎంత తీసుకున్నారు?