టైం వృథా అవుతోందన్న భయంతోనే రోజంతా గడిచిపోతోంది. ఏం చేయాలి?

నలభై దాటినామె (ప్రశ్న):
ఏళ్ల తరబడి ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చున్న స్నేహితురాలు ఈ మధ్య గుండెపోటుతో పోయింది. నా ఈడుదే. ముందురోజు సాయంత్రం కూడా 'రేపు మాట్లాడుకుందాంలే' అనుకునే విడిపోయాం. అప్పట్నుంచి నాకు కుదురు లేదు. ప్రతి అరగంటా దేనికి పోయిందో ఫోన్‌లో రాసుకుంటున్నాను. మా అబ్బాయి గంటల కొద్దీ బొమ్మలు గీసుకుంటుంటే 'దీనివల్ల ఏం వస్తుందిరా' అని అడిగేస్తున్నాను. మా ఆయన ఏదైనా చెబుతుంటే నా చూపు గడియారం మీదికి పోతోంది. ప్రతి నిమిషం విలువైనదంటారు కదా, దానికి విలువివ్వడమంటే ఇదేనా? ధ్యానం చేయమని మాత్రం చెప్పకండి, అందులోనూ నిమిషాలే లెక్కపెట్టుకుంటున్నాను.

లెక్కల టీచర్:
భయం ఉండటం చెడ్డదని నేననుకోను. ఎనభై ఏళ్లు బతికితే మొత్తం సుమారు 4,170 వారాలు. కాగితం మీద అన్ని గళ్లు గీసి, గడిచినవాటిని నింపి గోడకు అంటించాను. మిగిలిన గళ్లు కళ్లెదుట కనబడేసరికి, నాతో మాటలు లేని మా అన్నయ్యకు ఫోన్ చేయగలిగాను. వాయిదా వేసే అలవాటున్నవాళ్లకు ఇది బాగా పనిచేస్తుంది. మీరు వాయిదా వేసే రకంలా లేరు కాబట్టి మీకు ఇంకేదో కావాలేమో.

రాత్రి డ్యూటీ నర్సు:
అక్కా, నేను పాలియేటివ్ కేర్ వార్డులో పనిచేస్తాను. జబ్బు ఇక నయం కాదని తేలినవాళ్లు మా దగ్గరికి వస్తారు. మేం మొట్టమొదట చూసేది నొప్పి సంగతే. నొప్పి ఉన్నంతసేపూ మనిషికి వేరే ధ్యాస ఉండదు. అది అదుపులోకి వచ్చాక 'మా చెల్లెలికి ఫోన్ కలుపుతావా అమ్మా' అంటారు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (ఇలాంటి రోగులను చూసుకునే చోటు) ప్రారంభించిన సిసిలీ సాండర్స్ నర్సుగా మొదలై తర్వాత డాక్టరయ్యారు. నొప్పి తిరగబెట్టేదాకా ఆగకుండా వేళకు మందు ఇస్తూనే ఉండాలని ఆవిడ పట్టుబట్టారు. మేం ఇప్పటికీ చేసేది అదే. ఉన్న కాస్త టైం మనిషి చేతికి రావాలంటే ముందు నొప్పి తగ్గాలి.

మీదీ నొప్పేనని నాకనిపిస్తోంది. స్నేహితురాలి కోసం మీరు ఇంకా సరిగ్గా ఏడవలేదేమో. ఆ దుఃఖమే అరగంటల లెక్కగా బయటికొస్తోంది. ముందు ఆవిడ గురించి, ఆవిడ తెలిసినవాళ్లతో కూర్చుని మాట్లాడండి.

ఇక విలువ సంగతి. టైం తక్కువుందని తెలిసినవాళ్లు పనులు పెంచుకోవడం నేను చూడలేదు, వదిలేయడమే చూశాను. 'ఫలానావాళ్లొస్తే నిద్రపోతున్నానని చెప్పు' అంటారు. ఒకరిద్దరి కోసం మాత్రం తలుపు వైపే చూస్తుంటారు. ఒకాయన భార్య పక్కన కూర్చుని స్వెటర్ అల్లుతుంటే చూస్తూ ఉండేవాడు. మాటలేమీ ఉండేవి కావు. ఆవిడ లేచి వెళ్తే మాత్రం ఎప్పుడొస్తుందని అడిగేవాడు. ఆ మధ్యాహ్నాలను మీ ఫోన్‌లో ఏ పని కింద రాస్తారు?

స్టాన్‌ఫర్డ్‌లో లారా కార్‌స్టెన్‌సెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనిమీదే ఏళ్లుగా పనిచేశారు. పెద్దవాళ్లు పరిచయాలు తగ్గించుకుని దగ్గరివాళ్లతో గడపడానికి అసలు కారణం వయసు కాదని, ముందున్న టైం తక్కువని తెలియడమేనని ఆవిడ వాదన. బార్బరా ఫ్రెడ్రిక్‌సన్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్తతో కలిసి 1998లో ప్రచురించిన అధ్యయనంలో, హెచ్‌ఐవీ లక్షణాలు బయటపడిన యువకుల మొగ్గు కూడా ముసలివాళ్ల మొగ్గులాగే ఉందని తేలింది. మా వార్డులో పాతికేళ్లవాళ్లను చూస్తే నాకూ అలాగే అనిపిస్తుంది.

అందుకే, ఏ పని ఇరికించాలా అని కాకుండా, ఏది మానేయగలనో చూడండి.

పాత పుస్తకాల పిచ్చి:
ఒక్క మాట, మీ అబ్బాయి తరఫున. పదేళ్ల పిల్లాడికి ఏడాది అంటే బతుకులో పదో వంతు, యాభై ఏళ్లవాడికి యాభయ్యో వంతు, అందుకే వయసుతో పాటు ఏళ్లు పొట్టివైపోతాయని 1877లో పాల్ జానే అనే ఫ్రెంచ్ తత్వవేత్త అన్నాడు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1890లో ఈ లెక్కను ప్రస్తావిస్తూనే వేరే కారణం చూపాడు: అలవాటైన రోజులు జ్ఞాపకంలో ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయని. నాకు జేమ్స్ మాటే సబబనిపిస్తుంది. 2007లో మెదడు శాస్త్రవేత్త డేవిడ్ ఈగిల్‌మన్ బృందం మనుషుల్ని 31 మీటర్ల ఎత్తు నుంచి వలలోకి పడేయించింది. ఇతరులు పడ్డ సమయం కన్నా తాము పడ్డ సమయం మూడో వంతుకు పైగా ఎక్కువని వాళ్లు చెప్పారు. కానీ ఆ క్షణంలో కంటిచూపు వేగమేమీ పెరగలేదు. టైం సాగింది జ్ఞాపకంలోనే. అలవాటు లేనిదే జ్ఞాపకంలో విడిగా నిలుస్తుంది కాబట్టి మీరూ పెన్సిల్ పట్టుకుని వాడి పక్కన కూర్చోండి. ఆ సాయంత్రం మీకు గుర్తుంటుంది.

నలభై దాటినామె:
చెల్లీ, నీ జవాబు చదువుతూ ఏడ్చాను. నా స్నేహితురాలి అక్కకు ఫోన్ చేశాను, ఆదివారం కలుస్తున్నాం. ఫోన్‌లో లెక్కలు రాయడం ఆపేశాను. మానేయాల్సింది కూడా తెలిసింది. ఆఫీసు సంఘంలో మొహమాటానికి ఒప్పుకున్న కార్యదర్శి పదవి. నా సాయంత్రాలన్నీ దానికే పోతున్నాయి. వాళ్లకు ఎలా చెప్పాలో పాలుపోవడం లేదు.

రాత్రి డ్యూటీ నర్సు:
పొట్టిగా చెప్పండక్కా. 'ఈ నెలాఖరు దాకా చూస్తాను, ఆ తర్వాత నావల్ల కాదు.' కారణం చెబితే దానికో పరిష్కారం పట్టుకొస్తారు. కాగితాలన్నీ ఎవరికి అప్పగించాలో మాత్రం ఆరోజే అడిగేయండి.