కరాటేలో చేరి నెలన్నర: ఇంకా గాల్లో గుద్దులేనా? మణికట్టు నొప్పి ఎందుకు?

సత్యనారాయణపురం నాన్న:
విజయవాడలో ఉంటాం. బాబుకి ఎనిమిదేళ్ళు. కరాటే క్లాసులో ఇప్పటిదాకా కాళ్ళు చాపి నించోవడం, గాల్లో గుద్దడం, అంతే. ఫైటింగ్ ఎప్పుడని వాడి గోల. ఇంట్లో దిండును గుద్దుతూ మణికట్టు నొప్పంటున్నాడు. బెల్టు టెస్టుకి పేరివ్వమంటున్నారు. ఇవ్వొచ్చా, మాస్టర్ని మార్చాలా?

కటా పిచ్చి:
మార్చొద్దండీ, నెలన్నరకి జరగాల్సింది అదే. కరాటే అంటే మూడు పనులు. గుద్దు, తన్ను, అడ్డు విడివిడిగా సాధన చేస్తే కిహోన్. వాటిని వరసలో పేర్చి, ఎదుట మనిషి ఉన్నట్టు చేస్తే కటా. నిజంగా మనిషి ఎదుట నించుంటే కుమితే. మీ వాడిది షోటోకాన్ స్టైలైతే మొదట్లోనే హెయాన్ షోదాన్ అనే 21 కదలికల కటా వస్తుంది.

ఇక మణికట్టు. దిండు మీద గుద్దడం ఈ రోజే ఆపించండి. మెత్తటి దాంట్లోకి పిడికిలి దిగబడి పక్కకి వాలిపోతుంది, ఆ బరువంతా మణికట్టు మోస్తుంది. నొప్పి తగ్గాక పిడికిలి పట్టి చూపించమనండి. నాలుగు వేళ్ళ కొసలు ముందు వేళ్ళ మొదళ్ళకి తగిలేలా మడిచి, ఇంకో చుట్టు లోపలికి తిప్పాలి. బొటనవేలు బయటే ఉండి చూపుడు, మధ్య వేళ్ళని అడ్డంగా నొక్కాలి. చాలామంది పిల్లలు దాన్ని లోపల దాచుకుంటారు, గట్టిదానికి తగిలిందా, ముందు దెబ్బతినేది అదే. తగలాల్సింది చూపుడు, మధ్య వేళ్ళ మెటికలే. చిటికెనవేలి వైపు తగిలితే ఆ వెనకున్న సన్నటి ఎముక విరగొచ్చు.

స్కూలు స్కేలు తీసుకుని చేతి వెనక నుంచి ముంజేతి దాకా ఆనించండి. సందు లేకుండా కూర్చుంటే మణికట్టు తిన్నగా ఉన్నట్టే. వాపుంటే మాత్రం స్కేలు కాదు, డాక్టరు.

బ్రాడీపేట:
చేతి సంగతి ఆయన చెప్పారు, కాళ్ళు కూడా చూడండి. కాళ్ళు చాపి నించోవడం అన్నారే, అది జెన్‌కుట్సు-దాచి. ముందు మోకాలు మడిచి, వెనక కాలు చాపి, 60 శాతం బరువు ముందు కాలి మీద వేయాలి. పాదాల మధ్య అడ్డంగా భుజాలంత వెడల్పు, పొడవుకి సుమారు దానికి రెండింతలు. పిల్లలు రెండు పాదాలూ ఒకే గీత మీద పెట్టేస్తారు, పక్క నుంచి వేలితో తోసినా తూలుతారు. వెనక మడమ లేస్తుంటే వాణ్ణి కేకలేయకండి, అడుగు పొడవు తగ్గించండి. ముందు మోకాలు లోపలికి వాలకుండా పాదం మీదే నిలవాలి.

మాయె-గేరి, అంటే ముందుకి తన్నేది, మోకాలు ఎత్తకుండా మొదలుపెడితే ఫుట్‌బాల్ తన్నినట్టే ఉంటుంది. కాలివేళ్ళు వెనక్కి లాగి, వాటి కింది దిమ్మ తగిలించాలి. తన్నాక మళ్ళీ మడిచే కింద పెట్టాలి, లేకపోతే ఒళ్ళంతా ముందుకి పడుతుంది.

ఇంట్లో టైల్స్ మీద సాక్సులతో వద్దు, జారతాడు. మన ఎండాకాలంలో డాబా మీదైతే పొద్దున ఏడులోపే.

ఇప్పోన్:
ఫైటింగ్ గోలకి జవాబు: దెబ్బ ఆపడం రాకుండా కుమితేకి దింపకూడదు. గాల్లో గుద్దేది అందుకే. డబ్ల్యూకేఎఫ్ (ప్రపంచ కరాటే సమాఖ్య) పోటీల్లో చేతి దెబ్బకి 1 పాయింటు, ఒంటి మీద తన్నుకి 2, తలకి తన్నితే 3. బలంగా తగిలిస్తే మార్కులు కాదు, పెనాల్టీ. టోక్యో ఒలింపిక్స్‌లో కరాటే ఉంది, పారిస్‌లో తీసేశారు, కాబట్టి ఒలింపిక్ ఆశతో చేర్చేవాళ్ళు ఆగి ఆలోచించాలి.

బెల్టుల పద్ధతి కరాటే పుట్టిన జపాన్ దీవి ఒకినావా పాత కరాటేలో లేదు, షోటోకాన్ మూలపురుషుడు ఫునకోషి గిచిన్ జూడో నుంచి తెచ్చారు. మొదటి టెస్టుకి పేరివ్వండి, నష్టమేం లేదు. కానీ మీ వాడు ఏ తప్పు చేస్తున్నాడో మాస్టర్ని అడగండి. ఫలానాది అని వెంటనే చెప్పగలిగితే మంచి మాస్టరు. 'రెండేళ్ళలో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ' బోర్డు కనిపిస్తే ఫీజు కట్టకుండా వచ్చేయండి.

సత్యనారాయణపురం నాన్న:
స్కేలు పెట్టాను. కింద వేలు దూరేంత సందుంది, మణికట్టు వంగే ఉంది! ఎలా సరిచేయించాలి?

కటా పిచ్చి:
నొప్పి పూర్తిగా పోయాక, గోడకి చేయి చాపినంత దూరంలో నించోబెట్టండి. కొట్టడం కాదు, రెండు మెటికలు మెల్లగా ఆనించి, కొంచెం ముందుకి వాలి మూడు లెక్కపెట్టాలి. వంగుతుంటే వాడికే తెలుస్తుంది. చేతికి పది, రోజుకి ఒక్కసారి. మళ్ళీ గాల్లో గుద్దేటప్పుడు మోచేయి బయటికి పోకుండా పక్కటెముకల్ని రాసుకుంటూ వెళ్ళాలి.