కాయల కాలంలో కుటుంబ ప్రార్థన నిలవడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న (చిత్తూరు దగ్గరి పల్లె నుండి)

అందరికీ వందనాలు. మాకు నాలుగెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. ఏడాదిలో మిగిలిన కాలమంతా రాత్రి ఎనిమిదింటికి ఒక కీర్తన పాడి, ఒక అధ్యాయం చదువుకొని, ప్రార్థన ముగించాకే అన్నానికి కూర్చుంటాం. జూన్ వచ్చిందంటే ఈ క్రమమంతా చెదిరిపోతుంది. తెల్లవారకముందే కోతకు మనుషులు దిగుతారు, సాయంత్రానికి ట్రాక్టరు నిండుతుంది, ఆ తరువాత జ్యూస్ ఫ్యాక్టరీ ముందు వరుసలో మా ఆయన ఎన్ని గంటలు నిలబడవలసి వస్తుందో ఎవరూ చెప్పలేరు. 2025లో కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించారు. అయినా కాయ బండి మీదే మగ్గిపోతుందేమోనన్న దిగులుతో ఆయన ఆ సీజనులో రెండు ఆదివారాలు ఆరాధనకు రాలేకపోయారు.

నేనొక్కదాన్నే పిల్లలను కూర్చోబెడితే, ఆరేళ్ల అబ్బాయి అధ్యాయం సగం కాకముందే నా ఒడిలో నిద్రపోతాడు. తొమ్మిదేళ్ల అమ్మాయి మొన్న, "నాన్న లేనప్పుడు ప్రార్థన ఎందుకమ్మా?" అని అడిగింది. అలసటలో ఉన్న నేను దానిని కసురుకున్నాను. కాయలు అయిపోయాక ఆగస్టులో తిరిగి మొదలుపెడితే సరిపోతుందా, లేక ఈ రోజుల్లోనే చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు (పలమనేరు, విశ్రాంత ఉపాధ్యాయుడు)

అమ్మా, చాలా ఏళ్లు సండే స్కూల్ నడిపినవాడిగా చెబుతున్నాను. ద్వితీయోపదేశకాండము 6:7లో పిల్లలకు దేవుని మాటలు నేర్పవలసిన సందర్భాలు నాలుగు కనిపిస్తాయి: ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. రాత్రి ఎనిమిది గంటలు అన్న మాట అందులో లేదు. అది మనం ఏర్పరచుకున్న అలవాటు. మంచి అలవాటే, కాని దానికి అడ్డం వచ్చిన ప్రతిసారీ విశ్వాసానికే అడ్డం వచ్చిందని అనుకోనక్కరలేదు. ఆరేళ్ల పిల్లవాడికి జూన్ నెలలో పూర్తి అధ్యాయం వినిపించడం నాకు సబబుగా తోచదు. 117వ కీర్తనలో ఉన్నవి రెండే వచనాలు. ఒక వారమంతా అదొక్కటే చదవండి.

ఆదివారం విషయంలో మాత్రం నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. నిర్గమకాండము 34:21 ఏడవ దినపు విశ్రాంతిని ఆజ్ఞాపించి అక్కడితో ఆగదు. దున్నే కాలంలోనైనా, కోత కోసే కాలంలోనైనా విశ్రమించాలని ప్రత్యేకంగా చెబుతుంది. రైతుకు సాకు ఎక్కడ దొరుకుతుందో ఆ మాట చెప్పినవానికి తెలుసు. పైగా ఆ విశ్రాంతి మీ ఇంటివారికే కాదు, మీ తోటలోకి కూలికి వచ్చేవారికి కూడా.

జవాబు (తిరుపతి, అద్దె కారు డ్రైవరు)

పెద్దాయన చెప్పిన వాక్యం వాస్తవమే, కాని బండి వరుసలో ఉన్నవాడు ఆదివారమని పక్కకు తప్పుకుంటే మళ్లీ చివరికి పోయి నిలబడాలి. కోత మీ చేతిలో ఉంది, వరుస మీ చేతిలో లేదు. ఈ రెంటినీ వేరుగా చూడాలని నా మనవి. నాకు తమిళుల పెరటాసి నెల శనివారాలు, తిరుమల బ్రహ్మోత్సవాలు వస్తే ఇంట్లో పడుకునే రాత్రులే తక్కువ. రోజూ తొమ్మిదింటికి ఫోనులో కలిసి ప్రార్థన చేద్దామని ఒక ఏడాది ప్రయత్నించాను, నాలుగు రోజులకే ఆగిపోయింది. కారులో ప్రయాణికులను కూర్చోబెట్టుకొని అది కుదిరే పని కాదు.

ఇప్పుడు నేను బయలుదేరే ముందు ఆ రోజు వెళ్లవలసిన ఊళ్లను పిల్లలకు చెబుతాను. కాణిపాకం, శ్రీకాళహస్తి, వేలూరు అని మా చిన్నది పలక మీద రాసుకొని, పడుకునే ముందు ఒక్కొక్క ఊరి పేరు చెప్పి ప్రార్థిస్తుంది. ఏ మొక్కుతో వచ్చినవారైనా మన బండి ఎక్కినవారు క్షేమంగా దిగాలని అడగడం కూడా దానికి నేర్పాము. నేను తిరిగి వచ్చాక పలక చూపించి, ఎక్కడ ఏం జరిగిందో చెప్పమంటుంది. మన రాకపోకలను ప్రభువు కాపాడతాడన్న 121వ కీర్తన మా ఇంట్లో అర్థమైంది ఆ పలక వల్లనే.

జవాబు (మదనపల్లె, స్టాఫ్ నర్సు)

చెల్లీ, మీ అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. పౌలు శిష్యుడైన తిమోతికి విశ్వాసం అందింది అవ్వ లోయి నుండి, తల్లి యునీకే నుండి అని 2 తిమోతి 1:5 చెబుతుంది. తండ్రి గ్రీసు దేశస్థుడన్న సంగతి అపొస్తలుల కార్యములలో ఉంది, ఆయన విశ్వాసం గురించి ఒక్క మాటా లేదు. కాబట్టి నాన్న రాకపోయినా ప్రార్థన ఆగదని పాపకు చెప్పవచ్చు. అయితే దానికంటే ముందు, కసురుకున్నందుకు పాపను క్షమించమని అడగండి. రాత్రి డ్యూటీ దిగి వచ్చి నేను కూడా పిల్లల మీద అరిచినదాన్నే. అమ్మ తప్పు ఒప్పుకోవడం చూసిన పిల్లలకు ఆ వారం వేరే పాఠం అక్కరలేదు.

ప్రశ్న అడిగిన సోదరి

అందరికీ కృతజ్ఞతలు. పాపను క్షమించమని అడిగాను. "నేను ఎప్పుడో మరిచిపోయానమ్మా" అంది. ఆదివారం కోత పెట్టకూడదని మా ఆయన, నేను అనుకున్నాం. బండి అప్పటికే వరుసలో ఉంటే అది వేరే సంగతి. కూలీల మేస్త్రీ ఒకరోజు సంపాదన పోతుందని గొణిగాడు, ఆ లెక్క ఇంకా తేలలేదు.

నిన్న రాత్రి క్యారియరు తీసుకొని పిల్లలతో సహా ఫ్యాక్టరీ దగ్గరికి వెళ్లాము. ట్రాక్టరు పక్కన గోనెపట్ట పరచుకొని, ఫోను వెలుతురులో ఆయనే 117వ కీర్తన చదివారు. వేళ్లకున్న మామిడి సొన అంటుకొని ఆ పేజీ అంచున మరక పడింది, తుడిస్తే ఇంకా పాకింది. ప్రార్థన చేయమంటే మావాడు మన బండి తొందరగా లోపలికి పోవాలని అడిగాడు. మా అమ్మాయి వెంటనే కళ్లు తెరిచి, "ముందున్నవాళ్లవి కూడా అని చెప్పరా" అంది.