గిట్ సోర్స్‌లో ద_రిపాజిటరీ తొలగింపు: ఎక్కడ బెడిసికొడుతోంది?

కోడ్_కూలీ:
గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) సొంత సోర్స్‌లో, కమాండ్ల కోడ్ ఉండే బిల్టిన్ ఫోల్డర్‌లో ఒక ఫైలు తీసుకుని, గ్లోబల్ ద_రిపాజిటరీ (ప్రస్తుతం పనిచేస్తున్న రెపోని, అంటే గిట్ ప్రాజెక్టుని, చూపే వేరియబుల్) బదులు ఫంక్షన్‌కి వచ్చే రెపో పాయింటర్ వాడేలా మారుస్తున్నా. ఆ గ్లోబల్‌ని వాడుకోనిచ్చే యూజ్_ద_రిపాజిటరీ_వేరియబుల్ డిఫైన్ తీసేసినా కంపైల్ అవుతోంది, టెస్టులూ పాస్. ఇంకేం చూడాలి?

సీ_చాదస్తం:
అసలు పని ఇప్పుడే మొదలండీ. ఏ రెపోలోనూ లేని ఫోల్డర్‌లోకి వెళ్లి ఆ కమాండ్‌ని -హెచ్‌తో (వాడే పద్ధతి చూపే ఆప్షన్) నడపండి. అక్కడ రెపో పాయింటర్ నల్‌గా (దేన్నీ చూపకుండా ఖాళీగా) వస్తుంది. సెట్టింగులు చదివే గిట్_కాన్ఫిగ్ తీసి, రెపో పాయింటర్ తీసుకునే రెపో_కాన్ఫిగ్ పెట్టినచోట పాత వెర్షన్లలో సెగ్‌ఫాల్ట్ (ప్రోగ్రామ్ కుప్పకూలడం) ఖాయం. ఇప్పుడు రెపో_కాన్ఫిగ్ నల్‌ని తట్టుకుంటుంది గానీ, రెపో->హ్యాష్_ఆల్గో అని నేరుగా రాస్తే తట్టుకోదు.

రాత్రి_బిల్డ్:
దానికంటే దొంగ తప్పు ఇంకోటుంది. మీరు రెపో ఇస్తారు, మీరు పిలిచిన ఫంక్షన్ మాత్రం లోపల ద_రిపాజిటరీనే పట్టుకుని కూర్చుంటుంది. ఉన్నది ఒక్క రెపో అయితే రెండూ ఒకటే కాబట్టి టెస్టులో దొరకదు. సబ్‌మాడ్యూల్‌ని (రెపో లోపల ఉండే ఇంకో రెపో) అదే ప్రాసెస్‌లో తెరిస్తే మాత్రం, దాని ఆబ్జెక్ట్‌ని (గిట్ దాచిన ఫైలు, కమిట్ లాంటిది) తల్లి రెపోలో వెతికి లేదంటుంది. అందుకే అడుగున ఉన్న ఫంక్షన్ల నుంచి పైకి మార్చుకుంటూ రండి.

సీ_చాదస్తం:
హ్యాష్ (ప్రతి ఆబ్జెక్ట్‌కీ గిట్ ఇచ్చే గుర్తింపు) పొడవు కూడా చూడండి. కోడ్‌లో 20, 40 (పాత షా-1 హ్యాష్ బైట్లు, హెక్స్ అంకెలు) అని కనిపిస్తే అనుమానించండి. 2.29 నుంచి షా-256 రెపోలు ఉన్నాయి, వాటిలో 32 బైట్లు, హెక్స్‌లో 64. గిట్_టెస్ట్_డిఫాల్ట్_హ్యాష్=షా256 పెట్టి టెస్టులు ఇంకోసారి నడపండి. టెస్ట్ స్క్రిప్టులో హ్యాష్ విలువ నేరుగా రాయకుండా టెస్ట్_ఓఐడీ వాడండి.

ప్యాచ్_పంతులు:
పనిలో పనిగా ఇంట్‌ని సైజ్_టీ (మైనస్ విలువలు పట్టని టైప్) చేసేద్దాం అనుకోకండి. కిందికి దిగే లూప్‌లో "ఐ >= 0" ఎప్పుడూ నిజమే అవుతుంది, సున్నా దాటగానే అర్రే బయటికి పోతుంది. అది వేరే కమిట్, లూప్ చూసుకుని.

కోడ్_కూలీ:
పదుల చోట్ల ఒకే పేరు మార్పు ఉంది. చేత్తోనేనా?

ప్యాచ్_పంతులు:
వద్దు. కాక్సినెల్ (రూల్ ఇస్తే సీ కోడ్ అంతటా మార్పు చేసే టూల్) రూల్ రాసి "మేక్ కాక్సీచెక్" కొట్టండి, మార్పుల ప్యాచ్ అదే ఇస్తుంది. కమిట్‌లో అది తప్ప ఇంకేం కలపకపోతే రివ్యూ చేసేవాళ్లకి సుఖం. రీబేస్‌కి -ఎక్స్ (ఒక్కో కమిట్ తర్వాత ఇచ్చిన కమాండ్ నడిపే ఆప్షన్) ఇచ్చి ప్రతి కమిట్ దగ్గరా డెవలపర్=1తో (కంపైలర్ హెచ్చరికలు కఠినంగా ఉండే సెట్టింగ్) బిల్డ్ చేయించండి, మధ్యలో విరిగిన కమిట్ ఉంటే తర్వాత బైసెక్ట్ (బగ్ తెచ్చిన కమిట్‌ని వెతికే కమాండ్) పనికిరాదు. పంపేముందు "సీన్" (seen) బ్రాంచ్‌తో (అందరి ప్యాచ్‌లూ కలిపి చూసే బ్రాంచ్) ట్రయల్ మెర్జ్ తప్పదు. ఇతరుల ప్యాచ్‌లు అదే ఫైలు మీద నడుస్తుంటే, అవి మెర్జ్ అయ్యేదాకా ఆగడమే మేలు. ఉత్త స్టైల్ కోసం కోడ్ కదిలించొద్దని కోడింగ్ గైడ్‌లైన్స్‌లోనే ఉంది.

రాత్రి_బిల్డ్:
మీ ప్యాచ్‌ల రెండో వెర్షన్ పంపేటప్పుడు ఫార్మాట్-ప్యాచ్‌కి (కమిట్లని మెయిల్‌లో పంపే ప్యాచ్‌లుగా మార్చే కమాండ్) రేంజ్-డిఫ్ ఆప్షన్ ఇవ్వండి, మొదటి వెర్షన్ నుంచి ఏం మారిందో కవర్ లెటర్‌లోనే (ప్యాచ్‌ల ముందు వెళ్లే పరిచయ మెయిల్) వచ్చేస్తుంది.