నాయనతో పవర్ ఇప్పుడే రాయించుకోవాలా?

ప్రశ్న, కొర్లగుంట, తిరుపతి:
అందరికీ నమస్కారం. మా నాయనకు 71 ఏళ్లు. మనిషి గట్టిగానే ఉన్నాడు, పొద్దున్నే కపిలతీర్థం దాకా నడిచి వస్తాడు. బ్యాంకు డిపాజిట్లు, చిత్తూరు దగ్గర మూడెకరాల తోతాపురి మామిడి తోట ఆయన పేరు మీదే ఉన్నాయి. ఇల్లు మాత్రం నాయనది, అమెరికాలో ఉన్న మా అన్నది. నాయన తరఫున ఆయన పనులు చూసే అధికారం మాకిచ్చే కాగితం, అదే పవరాఫ్ అటార్నీ, ముందే రాయించుకోమని మా ఆయన అంటున్నారు. ఆ మాటెత్తితే "నేనింకా బతికే ఉన్నాను కదమ్మా" అని నాయన మొహం మాడ్చుకున్నాడు. అవసరం వచ్చినప్పుడు చూసుకుంటే పోదా?

జవాబు, చిత్తూరు:
అవసరం వచ్చాక రాయించుకోవడం చాలాసార్లు కుదరదక్కా. రాసిచ్చే మనిషికి ఏం రాసిస్తున్నాడో తెలిసుండాలి. మా నాయన నిరుడు జూన్‌లో, కాయ కోతకొచ్చిన టైంలో పక్షవాతంతో పడిపోయాడు. గుజ్జు ఫ్యాక్టరీ డబ్బు ఆయన ఖాతాలో పడింది. ఆస్పత్రిలో కట్టడానికి మా దగ్గర లేదు. ఏటీఎం కార్డు బీరువాలో ఉంది, పిన్ మాత్రం ఆయనకే తెలుసు. మాట పడిపోయింది కదా, ఎడమ చేతి వేలితో దుప్పటి మీద గీసి చూపించాడు. అది ఒకటా ఏడా అని నేనూ తమ్ముడూ వాదించుకుని, మూడుసార్లు తప్పు కొట్టి కార్డు బ్లాక్ చేయించాం.

బ్యాంకులో మొదట కుదరదు పొమ్మన్నారు. సంతకం పెట్టలేని ఖాతాదారు వేలిముద్ర వేయొచ్చని, ఇద్దరు సాక్షుల్లో ఒకరు బ్యాంకు అధికారి ఉంటే చాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉందట. ఇంకో అధికారి ఆ సంగతి చెప్పి, ఆస్పత్రికే వచ్చి వేలిముద్ర తీసుకున్నారు. అప్పటికి పదకొండు రోజులు.

జవాబు, రేణిగుంట:
ముసలివాళ్లకే అనుకోకండి. నాకు 36. బైకు మీంచి పడి కుడిచేయి మూడు నెలలు కట్టులో ఉంది. ఎడమ చేత్తో చెక్కు మీద సంతకం పెడితే నా సంతకం నాకే దొంగ సంతకంలా కనిపించింది!

జవాబు, తిరుపతి:
వకీలుగా ఒక మాట. పవర్ చేతిలో ఉంటే అన్నీ జరిగిపోతాయనుకోవద్దు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం రాసిచ్చినవారు చనిపోయినా, మతిస్థిమితం తప్పినా మామూలు పవర్ అక్కడితో ఆగిపోతుంది. మనిషికి తెలివి తప్పాక కూడా చెల్లే పవర్లు అమెరికాలో ఉన్నాయి. మన చట్టంలో ఆ ఏర్పాటు లేదు. రాయించుకునేవాళ్లకు ఈ ముక్క ఎవరూ చెప్పరు, నాకు అదే కోపం.

మీ నాయన కాలు విరిగి మంచాన పడితే పవర్ బ్రహ్మాండంగా పనికొస్తుంది. కోమాలోకి వెళితే మాత్రం సంరక్షకుణ్ని నియమించమని హైకోర్టులో రిట్ వేసుకునే పరిస్థితి వస్తుంది. అందుకే పవర్‌తో పాటు బ్యాంకు ఖాతాను ఈదర్ ఆర్ సర్వైవర్ పద్ధతిలో, అంటే ఇద్దరిలో ఎవరైనా నడిపేలా, ఒకరు పోతే మిగిలినవారు నడిపేలా జాయింట్ చేయించండి. నామినీ ఉన్నారు కదా అంటారు, నామినీకి పని పడేది మనిషి పోయాకే. వైద్యం సంగతి పవర్‌లో ఇరికించకండి. చివరి దశలో ఏ చికిత్స వద్దో చెప్పే లివింగ్ విల్ వేరే కాగితం. ఇద్దరు సాక్షుల ముందు రాసి నోటరీ దగ్గరో గెజిటెడ్ అధికారి దగ్గరో ధ్రువీకరిస్తే చాలని 2023లో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని సులువు చేసింది.

ప్రశ్న అడిగినవారు:
తోట అమ్మే అధికారం కూడా రాయించాలా సార్? నాయన భయమంతా దాని మీదే.

జవాబు, తిరుపతి:
వద్దమ్మా. జనరల్ పవర్ కాకుండా స్పెషల్ పవర్ రాయించండి. కౌలు, కాయ అమ్మకం, కరెంటు, పన్నులు, ఇంతవరకే. పవర్ వల్ల ఆస్తి మీ పేరుకు మారిపోదు. జీపీఏ, అంటే జనరల్ పవర్ మీద జరిగే అమ్మకాలతో యాజమాన్యం రాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది. పైగా ఇలాంటి పవర్‌ను మీ నాయన ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. రద్దు చేస్తే మీకూ బ్యాంకుకూ రాతపూర్వకంగా తెలియజేయాలి, అంతే.

రేపు దస్తావేజులు రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేసే అధికారం కూడా కావాలంటే, ఆ పవర్‌ను ఆయన కాపురముండే చోటి సబ్ రిజిస్ట్రార్ ముందు రాసి ధ్రువీకరించుకోవాలి. అంటే తోట చిత్తూరు దగ్గరున్నా పని తిరుపతిలోనే. మనిషి కదల్లేకపోతే అధికారి ఇంటికీ వస్తారు. ఆ రోజు తేదీతో డాక్టరు సర్టిఫికెట్ ఒకటి తీసి పెట్టుకోండి. రేపు ఎవరైనా "అప్పటికే మతి లేదు" అంటే అడ్డం పడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
రాత్రి నాయనకు చదివి వినిపించాను. రద్దు చేసే హక్కు తనదే అన్న దగ్గర ఆపి, రెండోసారి చదవమన్నాడు. సోమవారం బ్యాంకుకు వస్తానన్నాడు. ఇంటి వాటా కోసం అన్న కూడా పవర్ పంపాలి కదా, అక్కడ ఎలా?

జవాబు, తిరుపతి:
అక్కడి భారత కాన్సులేట్‌లో గానీ నోటరీ ముందు గానీ సంతకం పెట్టి, అసలు కాగితమే పంపమనండి, వాట్సాప్ ఫొటో పనికిరాదు. అది మన దేశం చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి. కవరు అందిన తేదీ రుజువు పారేయకండి.