1942 ఏప్రిల్: కలకత్తా ఓడలను రక్షణ లేకుండా పంపడం తప్పేనా?

ఉప్పల్ పాఠకుడు:
1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేసిన సంగతి కోస్తా నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన మా వంటి కుటుంబాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ ఆ రోజుల్లోనే జపాన్ వైస్ అడ్మిరల్ ఒజావా దళం బంగాళాఖాతంలో 23 సరకు ఓడలను ముంచిన సంగతి చాలామందికి తెలియదు. వైమానిక దాడి జరుగుతుందన్న భయంతో కలకత్తా రేవును ఖాళీ చేయించి, ఓడలను ఒక్క యుద్ధనౌక తోడైనా లేకుండా తీరం వెంబడి పంపించారు. ఓడలను గుంపుగా, రక్షణతో నడిపించాలన్న కాన్వాయ్ పాఠాన్ని బ్రిటిష్ నౌకాదళం 1917లోనే నేర్చుకుంది కనుక, ఇది క్షమించరాని తప్పని నా వాదన.

తార్నాక మిత్రుడు:
ఉప్పల్ వారూ, 1917 పాఠం జలాంతర్గాముల గురించినది. విశాల సముద్రంలో ఒక గుంపును వెతకడం ఒంటరి ఓడను వెతకడమంత కష్టమే కాబట్టి, ఓడలు విడివిడిగా కాక గుంపుగా వెళితే జలాంతర్గామి కంట పడే అవకాశం తగ్గుతుంది. ఫిరంగులున్న క్రూయిజర్ వంటి యుద్ధనౌక ఎదురైతే లెక్క తిరగబడుతుంది. 1940 నవంబరు 5న జర్మన్ యుద్ధనౌక అడ్మిరల్ షీర్ అట్లాంటిక్‌లో బ్రిటన్‌కు వెళ్తున్న హెచ్‌ఎక్స్ 84 కాన్వాయ్‌పై పడినప్పుడు, ఏకైక రక్షక నౌక జెర్విస్ బే తాను ఎదురు నిలిచి మునిగిపోగా, చెదిరిపోయిన ఓడల్లో అత్యధిక భాగం బతికి బయటపడ్డాయి. ఒజావా వద్ద అయిదు భారీ క్రూయిజర్లతో పాటు ర్యూజో అనే విమాన వాహక నౌక కూడా ఉంది. వాటికి ఎదురుగా మీరు ఏ రక్షక నౌకను నిలబెట్టేవారు?

మారేడుపల్లి విశ్రాంత నావికుడు:
సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రం గురించి తగవుపడుతున్నాం, బాగుంది. వాణిజ్య నౌకల్లో పనిచేసినవాడిగా నా అభిప్రాయం వేరు. చెదరడమంటే నలుదిక్కులకూ పోవడం, కానీ ఈ ఓడలు ఒకే తీరం వెంట దారానికి గుచ్చిన పూసల్లా వెళ్లాయి, ఒజావా తన దళాన్ని మూడుగా చీల్చి ఆ దారాన్ని మూడుచోట్ల తెంపాడు. అసలు లోపం శత్రువు ఎక్కడున్నాడో తెలియకపోవడమే. బ్రిటిష్ తూర్పు నౌకాదళాధిపతి అడ్మిరల్ సోమర్‌విల్ సింహళం దక్షిణాన వెతికి, ఎవరూ కనబడక ఏప్రిల్ 2న మాల్దీవుల్లోని అడ్డు దీవులకు మరలిపోయాడు. 4న ఒక కాటలీనా విమానం జపాన్ వారి మరో దళమైన నగుమో విమాన వాహక నౌకాదళాన్ని చూసింది, అందరి దృష్టీ అటే పోయింది. అదే ఏడాది జులైలో జర్మన్ యుద్ధనౌక టిర్పిట్జ్ వస్తోందన్న అనుమానంతోనే సోవియట్ రష్యాకు వెళ్తున్న పీక్యూ 17 కాన్వాయ్‌ను చెదరగొట్టారు. ఆ యుద్ధనౌక వాటిని చేరనే లేదు, అయినా విమానాలకూ జలాంతర్గాములకూ 24 ఓడలు బలయ్యాయి.

ఉప్పల్ పాఠకుడు:
కాన్వాయ్ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పూసల పోలికను మాత్రం పూర్తిగా ఒప్పుకోను, తీరం దగ్గరగా ఉన్నందువల్లే కదా బతికినవారు పడవల్లో ఒరిస్సా ఒడ్డు చేరగలిగారు. కలకత్తా మీద తొలి బాంబు పడింది ఆ ఏడాది డిసెంబరులో. అంతవరకు ఓడలు రేవులోనే ఉంటే సరిపోయేది.

తార్నాక మిత్రుడు:
డిసెంబరు సంగతి ఏప్రిల్‌లో ఎవరికి తెలుసు? ఏప్రిల్ 5న నగుమో విమానాలు కొలంబోపై పడేసరికి, ముందుగానే రేవు విడిచిన సరకు ఓడలు చాలావరకు బతికాయి. అదే ఆజ్ఞ అక్కడ వివేకమై, ఇక్కడ తప్పెలా అవుతుందో చెప్పండి.