క్లాసులో పిల్లల చేతికి ఫిడ్జెట్ బొమ్మలు ఇవ్వాలా, వద్దా?

చాక్‌పీసు:
ఏడో తరగతికి సైన్సు చెప్తాను. ఈమధ్య ఏ బెంచీ చూసినా బుడగలు నొక్కే పాప్ ఇట్టో, క్యూబో, చేతిలో ఊరికే ఆడించుకునే ఏదో ఒక ఫిడ్జెట్ బొమ్మ. తీసుకుని దాచేస్తే మర్నాడు తల్లో తండ్రో వచ్చి "అది చేతిలో ఉంటేనే మావాడు పాఠం వింటాడండీ" అంటున్నారు. వింటున్నాడో లేదో ఎదురుగా నిలబడ్డ నాకు కనిపించదా? 2017లో వేళ్ల మధ్య గిరగిరా తిప్పే స్పిన్నర్ల గోల చూశాం కదా, ఏడీహెచ్‌డీకి (ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేని సమస్య) మంచిది, టెన్షన్ తగ్గిస్తుంది అని ఊదరగొట్టి అమ్మారు, ఎన్నో బడులు నిషేధించాల్సి వచ్చింది, ఏడాది తిరక్కముందే అవన్నీ సొరుగుల్లోకి పోయాయి. నిజంగా పనిచేసేదైతే అంత తొందరగా మోజు తీరిపోతుందా? క్లాసులోకి ఇవేవీ రాకూడదని నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

కుదురులేనోడు:
నేను కాదంటాను మాస్టారూ. నాకు ఏడీహెచ్‌డీ ఉందని పెద్దయ్యాక తేలింది. మీటింగులో చేతులు కట్టుకుని కూర్చోమంటే నా బుర్ర మొత్తం 'కదలకు, కదలకు' అనే పనిలోనే ఉంటుంది, ఎదుటివాళ్లు చెప్పేది ఒక్క ముక్క ఎక్కదు. జేబులో నున్నటి రాయి ఒకటి పెట్టుకుంటాను, దాన్ని వేళ్లతో తడుముతూ ఉంటే ఎంతసేపైనా వినగలను. బొమ్మ మీద మోజు పోయిందంటే చేతుల అలవాటు పోయినట్టు కాదు. స్పిన్నర్లు రాకముందు పెన్ను టకటకలాడించడం, గోళ్లు కొరకడం, మెటికలు విరవడం లేవా? గ్రీకులు కొంబోలోయి అనే పూసల దండని ప్రార్థనా గీర్థనా ఏమీ లేకుండా ఊరికే వేళ్ల మధ్య ఆడిస్తారు, మరి వాళ్లకి ఎవరు ప్రకటనలిచ్చి అమ్మారు?

పాతకాగితం:
ఇద్దరూ రెండు వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుతూ పోట్లాడుకుంటున్నారు. రాయిని తడమడం చేతి పని. స్పిన్నర్ తిరుగుతుంటే చూడటం కంటి పని. తేడా అంతా ఇక్కడే ఉంది.

2009లో జాకీ ఆండ్రేడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 40 మందికి చచ్చేంత బోరు కొట్టే ఫోన్ సందేశం వినిపించింది. సగం మందిని వింటూనే కాగితం మీద ఉన్న బొమ్మల్లో పెన్సిల్‌తో రంగు నింపమంది. వాళ్లకి మిగతావాళ్ల కంటే 29 శాతం ఎక్కువ గుర్తుంది. విసుగొస్తే మనసు పగటికలల్లోకి జారిపోతుంది, చేతికి చిన్న పని ఉంటే అంత దూరం పోదు, అదీ ఆవిడ ఊహించిన కారణం. స్పిన్నర్ సంగతి వేరు. అది తిప్పుతూ వీడియో పాఠం చూసినవాళ్లకి తక్కువ గుర్తుందని 2019లో ఒక అధ్యయనం వచ్చింది, స్పిన్నర్ మీద మంచి అభిప్రాయంతో వచ్చినవాళ్లకి కూడా అదే ఫలితం. కాబట్టి "నాకు పనిచేస్తోంది" అని మనకి అనిపించడం ఒక్కటే సరిపోదు (రాయి గారికి కూడా చెప్తున్నాను, కోపం తెచ్చుకోకండి).

ఇంకొకటి. 2015లో 8 నుంచి 12 ఏళ్ల మగపిల్లల మీద చేసిన పరీక్షలో, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు ఎక్కువ కదిలినప్పుడు జ్ఞాపకశక్తి పనులు బాగా చేశారు, అది లేనివాళ్లు కదిలితే తగ్గింది. అందరికీ ఒకే రూలు పెడితే ఎవరో ఒకరు నష్టపోక తప్పదు.

మూడోబెంచీ:
అసలు పాఠం బాగుంటే పిల్లలు కదలరు మాస్టారూ 😀 నేననే మాట కాదు, 1885లోనే ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఒక సభలో కూర్చుని జనం ఎన్నిసార్లు కదులుతున్నారో లెక్కపెట్టి 'నేచర్' పత్రికలో రాశాడు. ఆసక్తిగా వింటున్నప్పుడు కదలికలు సగానికి పైగా తగ్గిపోయాయట.

సరదాకి అన్నాను గానీ, పక్కవాడి సంగతి ఎవరూ ఎత్తట్లేదేం? వాడు టప్ టప్‌మని పాప్ ఇట్ నొక్కుతుంటే వాడికి ఏకాగ్రత వస్తుందేమో, నాది మాత్రం పోతుంది.

చాక్‌పీసు:
గాల్టన్ గారిని మధ్యాహ్నం భోజనం తర్వాత నా క్లాసుకి పంపించండి, లెక్కపెట్టుకుంటారు. పాతకాగితం గారు చెప్పింది ఒప్పుకోదగ్గదే, కానీ ఎవరికి అవసరమో నేనెలా తేల్చాలి? డాక్టర్ చీటీ ఉన్నవాళ్లకే అంటే, వాడి చేతిలో బొమ్మ చూడగానే క్లాసంతా వాడిని వేలెత్తి చూపిస్తుంది. అందరికీ అంటే మళ్లీ మొదటికొస్తాం.

కుదురులేనోడు:
అందుకే మనిషిని కాదు, వస్తువుని చూడమంటాను. చప్పుడు చెయ్యకూడదు, కంటితో చూడాల్సిన పని ఉండకూడదు, డెస్కు కిందే ఉండాలి. ఈ మూడూ కుదిరితే ఎవరి దగ్గరున్నా మీకేంటి ఇబ్బంది? చూపులు దాని మీదకి పోయాయా, ఆ పూటకి తీసేసుకోండి. స్పిన్నర్, పాప్ ఇట్ రెండూ అక్కడే ఆగిపోతాయి, మీ గొడవా తీరుతుంది.

చాక్‌పీసు:
మెత్తటి బంతి వరకైతే చూస్తాను. డెస్కు కింద మాత్రం వద్దు. అక్కడ ఏం జరుగుతోందో నాకు కనపడదు, ఫోన్లు కూడా అక్కడి నుంచే బయటపడతాయి.